మల్లూరు గుట్ట మీద మెత్తని దేవుడు

రాతిలో వెలిసిన దేవుడి పొట్ట మీద వేలు పెట్టి నొక్కితే సొట్ట పడుతుందంటే ఎవరు నమ్ముతారు? అయ్యగారు దీపం దగ్గరికి జరిపారు. స్వామి నాభికి కాస్త పైన మెల్లగా వేలు ఆనించి నొక్కారు. వేలు కింద ఒళ్లు లోపలికి దిగింది. వేలు తీశారు, మళ్లీ మామూలైంది. నా వెనకాల నిలబడ్డ పెద్దాయన "నరసింహా!" అని గట్టిగా అరిచేశాడు. నేను అరవలేదు గానీ, అరిచినంత పనయింది. నిజంగా చెప్తున్నాను, ఈ మధ్యకాలంలో నేను చూసిన వాటిలో ఇంతగా నోరు వెళ్లబెట్టించింది ఇంకోటి లేదు.

ఇది ములుగు జిల్లా మంగపేట మండలంలోని మల్లూరు. ఏటూరునాగారం నుంచి గంటలోపు దారి. ఊరు చిన్నది, గుట్ట పెద్దది. గుట్ట పేరు హేమాచలం. దాని మీద గుహాలయంలో లక్ష్మీనరసింహస్వామి. 2016 దాకా ఇదంతా వరంగల్ జిల్లా, తరవాత భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి 17 నుంచి ములుగు. వరంగల్ వాళ్ల నోట మాత్రం ఇప్పటికీ "మన ఏటూరునాగారం"గానే ఉండిపోయింది.

ఈ వైపు రానివాళ్లు ఎవరున్నారు? రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం వస్తాం. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక, ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ అక్కడికే తీసుకెళ్తున్నాం. లక్నవరంలో వేలాడే వంతెన మీద ఫోటో దిగుతాం. వానాకాలమైతే ముల్లకట్ట దగ్గర గోదావరి దాటి బొగత జలపాతం కింద తడుస్తాం. ఇన్నింటి నడుమ మల్లూరు పేరు ఎవరూ ఎత్తరు. ఏటూరునాగారంలో టీచరుగా పనిచేస్తున్న మా ఆడపడుచు పోరు పెట్టకపోతే నేనూ వచ్చేదాన్ని కాదు.

"వదినా, అన్నీ చూసినవ్ గానీ మల్లూరు సూడలే నువ్వు. ఈసారి నేనే తీస్కపోత, రా," అంది. వెళ్లాను. బతికిపోయాను.

వెళ్లింది మార్చి నెలాఖరు. ఎండలు ముదిరే రోజులు కదా, అడవి మోడుబారి ఉంటుందనుకుంటాం. ఉండదు! టేకు ఆకులు రాలిపోయి చెట్లు బోసిగా ఉన్న మాట నిజమే. కానీ ఆ బోసి కొమ్మల సందుల్లోంచి మోదుగ పూలు ఎంత దూరం నుంచైనా కనపడతాయి. రోడ్డు పక్కన ఇప్ప చెట్ల కింద తెల్లవారకముందే ఊడ్చి శుభ్రం చేసిన నేల, దాని మీద రాలిన పూలు, బుట్టలు పట్టుకుని వంగి ఏరుతున్న కోయ ఆడవాళ్లు. కారు అద్దం దించితే చాలు, ఇప్పపూల తియ్యటి మత్తు వాసన లోపలికొచ్చి కూర్చుంటుంది.

అడవి తెగిన చోటల్లా మిర్చి కల్లాలు. గోదావరి ఒండ్రు నేలలో మిరప పంటకు ఈ పట్టీ పెట్టింది పేరు. ఒక కల్లం దగ్గర ఆగి చూశాం. ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయలు ఏరుతున్నారు. చేతులు ఎంత వేగంగా కదులుతున్నాయంటే, ఏది ఎటు వేస్తున్నారో కంటికి ఆనదు. వాళ్లలో కొందరు సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి సీజన్‌కు వచ్చినవాళ్లు.

"అక్కా, దేన్ని తీసేస్తున్నరు?" అని అడిగాను.

"గిది తాలు," అంటూ తెల్లబారిన కాయ ఒకటి నా అరచేతిలో పెట్టింది. "ఎర్రదాంట్ల ఇది కలిసిందనుకో, ఎనుమాముల మార్కెట్‌ల రేటు కోసిపారేస్తరు." పక్కనే గుండ్రంగా, బొద్దుగా ఉన్న కాయల కుప్ప చూపించింది. చపాటా మిర్చి, కొందరు టమాట మిర్చి అంటారు. రంగు ఎక్కువ, కారం తక్కువ. వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి పేపర్లో చదివాను గానీ, ఇలా చేతిలో పట్టుకుని చూడటం అదే మొదలు. అక్కడినుంచి బయల్దేరాక దారిపొడుగునా తుమ్ములే తుమ్ములు. అయినా ఆగినందుకు ఆనందమే.

మంగపేట దాటి, ప్రధాన రోడ్డు వదిలి, మల్లూరు మీదుగా గుట్ట వైపు తిరిగితే లోకం మారిపోతుంది. హారన్లు ఆగిపోతాయి. గుట్ట మీది చెట్ల పచ్చదనం మార్చిలోనూ ఏమాత్రం వాడలేదు. ముందుగా క్షేత్రపాలకుడు శిఖాంజనేయస్వామికి మొక్కుకుని పైకి కదలాలి. మెట్లు మరీ ఎక్కువేం కావు, నూట యాభై దాకా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మా ఆడపడుచు అత్తగారు కూడా ఎక్కేశారు. ఎక్కేటప్పుడు కోతులతో మాత్రం జాగ్రత్త. కొబ్బరికాయ చేతిలో కనపడితే వాటిదే రాజ్యం. మా కళ్లముందే ఒక కోతి ఒకాయన సంచీలోంచి అరటిపళ్లు లాక్కుపోయి, రెయిలింగు మీద కూర్చుని, ఆయన్నే చూస్తూ తింది.

స్థలపురాణం వింటే ఇంకా సరదా. రావణుడు తన చెల్లెలు శూర్పణఖకు ఈ సీమను కానుకగా ఇచ్చాడట. ఖరదూషణులు పద్నాలుగు వేల సేనతో ఇక్కడే మకాం వేశారట. రాముడు వాళ్లను మట్టుబెట్టింది ఈ అడవిలోనేనట. భద్రాచలం, పర్ణశాల ఇక్కడికి ఎంతో దూరం కాదు కాబట్టి, రామాయణం ఈ గోదావరి గట్టున చుట్టపు కథలాగే నడుస్తుంది. గుట్టకు హేమాచలమని పేరు పెట్టింది అగస్త్యుడని ఇంకో మాట. ఒక రాజుకు స్వామి కలలో కనపడి "నేనిక్కడున్నాను" అన్నాడని, తవ్వుతుంటే గునపం నాభికి తగిలిందని, అందుకే అక్కడినుంచి ఇప్పటికీ ద్రవం ఊరుతుందని మరో కథ. అయ్యగారు ఈ కథలు చెప్పే తీరు చూడాలి. నిన్న సాయంత్రం జరిగినంత నమ్మకంగా చెప్తారు.

ఇక గుహ లోపలికి.

బయట ఎండ భగభగ. లోపల అడుగు పెట్టగానే చల్లదనం. కళ్లు చీకటికి అలవాటు పడటానికి కాస్త సమయం పట్టింది. ముందు ఏమీ కనపడలేదు. తరవాత దీపం వెలుగులో రెండు కళ్లు. ఆ పైన తల. ఇంకా పైకి, ఇంకా పైకి. తొమ్మిది అడుగులు దాటిన ఆకారం! చాలా నరసింహ క్షేత్రాల్లో స్వామి కొండరాతి మీద చిన్న రూపంగానో, ఒక ముఖంగానో కనపడతాడు. ఇక్కడ నిలువెత్తు మనిషిని మించి నిలబడి ఉన్నాడు. ఒళ్లంతా నూనె తడితో నిగనిగలాడుతోంది. వారంలో కొన్ని రోజులు నువ్వుల నూనెతో అభిషేకం చేస్తారు. అప్పుడే నిజరూపం కనపడేది. మేం సరిగ్గా ఆ రోజే చేరాం. మా ఆడపడుచు ముందే వేళ కనుక్కుని ఉంచిందని తరవాత తెలిసింది.

అయ్యగారు దీపం కిందికి దించుతూ ఒక్కొక్కటీ చూపించారు. ఛాతీ, ఉదరం, నాభి. "చూడుండ్రి, మనిషి ఒళ్లు లెక్కనే ఉంటది," అంటూ నొక్కారు. మొదట్లో చెప్పిన సొట్ట అదే. ఒక పువ్వు తీసి ఛాతీ మీద అదిమితే అది అంటుకుని నిలబడింది. నాభి దగ్గర గంధం అద్ది ఉంది. ఊరే ద్రవాన్ని ఆపడానికి గంధం పెడతారు. అదే ప్రసాదం. పిల్లలు లేని దంపతులు ఆ గంధం కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా ముందు వరసలో ఒక జంట ఉంది. ఆ అమ్మాయి దోసిలి పట్టిన తీరు చూశాక, రాయి మెత్తగా ఎందుకుంది, ఏ ఖనిజం, ఎంత నూనె అన్న ప్రశ్నలేవీ నాకు రాలేదు. శాస్త్రం అడిగేవాళ్లు అడగొచ్చు, తప్పులేదు. నేను మాత్రం రెండోసారి క్యూలో నిలబడ్డాను.

గుడి నుంచి బయటికొచ్చి కాలిబాట పట్టుకుంటే చింతామణి జలధార. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. పెద్ద పెద్ద చెట్ల వేళ్ల సందులోంచి నీళ్లు వస్తాయి. వాగు లేదు, చెరువు లేదు, పైప్ అసలే లేదు. వేళ్లలోంచి ధార! ఏడాది పొడుగునా ఆగదంటారు. మార్చి ఎండలోనూ చెయ్యి పెడితే జిల్లుమంది. గుట్ట తాగిన వాన రాళ్ల పగుళ్లలో ఇంకి, దాగి, ఇక్కడ మెల్లగా బయటపడుతోందని బుద్ధికి తెలుసు. దోసిట్లో పట్టి తాగుతున్నప్పుడు బుద్ధి మాట ఎవరు వింటారు?

ఈ ధారకు చింతామణి అని పేరు పెట్టింది రాణి రుద్రమదేవి అని ఇక్కడి మాట. రోగాలు తగ్గుతాయని నమ్మకం. అందుకే ఎవరి చేతిలో చూసినా ఖాళీ సీసాలు, క్యాన్లు. ఒక ముసలమ్మ అయిదు లీటర్ల క్యాను నింపుకుంటోంది.

"అమ్మా, ఇన్ని నీళ్లు ఎవరికి?" అన్నాను.

"అమెరికాల మా మనుమడున్నడు బిడ్డా. మొన్న వచ్చినప్పుడు రెండు సీసాలు తీస్కపోయిండు. అయిపోయినయట, మళ్ల పంపుమంటుండు."

విమానంలో వెళ్లే చింతామణి నీళ్లు! నేనూ రెండు సీసాలు నింపాను. సగం దారిలోనే అయిపోయాయి, అది వేరే సంగతి.

సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి జనాన్ని కిందికి దించేస్తారు. చీకటి పడ్డాక స్వామి గుట్ట మీద తిరుగుతాడని నమ్మకం. చుట్టూ ఉన్నది ఏటూరునాగారం అభయారణ్యం వైపు సాగిపోయే అడవి కాబట్టి, ఆ వేళకు దిగిపోవడం ఏ రకంగా చూసినా మంచిదే.

దర్శనంతో అయిపోయిందనుకున్నాను. రాత్రి బగారన్నం, నాటుకోడి కూర వడ్డిస్తూ మా ఆడపడుచు, "పొద్దుగాల లేవాలె వదినా, రాకాసి గుళ్లు సూపిస్త," అంది. ఆ మాటతోనే నిద్ర సగం ఎగిరిపోయింది.

తాడ్వాయి మండలం దామరవాయి. ఆ దారి పొడుగునా కూలిన చెట్లు ఇంకా కనపడుతున్నాయి. 2024 ఆగస్టు 31న ఈ అడవిలో వేల చెట్లను ఒక్క గాలి నేలమట్టం చేసింది. ఆ ఏడాదే డిసెంబర్ 4న ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లో కూడా మంచాలు ఊగాయి. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, దామరవాయి గుట్ట మీద సున్నం లేకుండా, అతుకు లేకుండా, రాయి మీద రాయి ఆనించి నిలబెట్టిన గదులున్నాయి. వంద పైచిలుకు. నిలబడే ఉన్నాయి!

నాలుగు పక్కలా నాలుగు ఇసుకరాతి పలకలు. పైన ఒకే ఒక్క బండ, కప్పుగా. ఒక్కో బండ మా డైనింగ్ టేబుల్‌కు రెండింతలు, మూడింతలు. ఒక గది పక్కన వంగి లోపలికి తొంగి చూశాను. లోపల రాతిని తొలిచి చేసిన తొట్టి. బయట ఎండకు రాయి చుర్రుమంటుంటే లోపలి గోడ చల్లగా ఉంది. పలక అంచు మీద చెయ్యి పెట్టి నడిపించాను. ఎవరో చెక్కి, సరిచేసి, కొలిచి పెట్టిన అంచు అది. అడ్డదిడ్డంగా పడ్డ రాళ్లు కావు. గుట్ట మీద ఎటు చూస్తే అటు ఇలాంటివే, వాడవాడగా. దూరం నుంచి చూస్తే ఒక ఊరే! జనం మాత్రమే లేరు.

రాక్షసులు కట్టుకున్న ఇళ్లని ఇక్కడివాళ్లు అంటారు. అంతంత బండలు మనుషులు ఎత్తగలరా అని వాళ్ల అనుమానం. ఆ బండల పక్కన నిలబడితే ఆ అనుమానం మనకూ వస్తుంది. నిజానికి ఇవి సమాధులు. ఇనుము కరిగించడం నేర్చుకున్న మనుషులు, రాజ్యాలూ శాసనాలూ ఇంకా రాని కాలంలో, తమ వాళ్ల కోసం కట్టుకున్నవి. కాకతీయుల పేరు కూడా అప్పటికి లేదు. రామప్ప మనకు పాతది. ఈ గుట్ట ముందు రామప్ప నిన్నటి మొన్నటిది.

ఈ రాళ్ల సంగతి మనం పట్టించుకోకపోయినా లండన్‌లో ఎప్పుడో అచ్చయింది. 1868లో మల్హెరన్ అనే సర్వే అధికారి ఈ గోదావరి అడవుల్లో తిరిగి సమాధుల్నీ, వాటి దగ్గర నిలబెట్టిన శిలువ ఆకారపు రాళ్లనీ చూసి రాశాడు. దాని ఆధారంగా జేమ్స్ ఫెర్గూసన్ 1872లో ప్రపంచంలోని పెద్దరాతి కట్టడాల మీద రాసిన పుస్తకంలో ఇదే తాడ్వాయి మండలంలోని కాటాపూర్‌కు చోటిచ్చాడు. ఆ శిలువల్ని చూసి ఫెర్గూసన్ క్రైస్తవం దాకా వెళ్లిపోయాడు. తరవాతి పురావస్తు శాస్త్రవేత్తలు వాటిని చేతులు చాచి నిలబడ్డ మనిషి రూపాలుగా పోల్చారు. ఇంగ్లండులో స్టోన్‌హెంజ్ గురించి మాట్లాడే పండితుల బల్ల మీద, నూట యాభై ఏళ్ల కింద, కాటాపూర్ ఉంది! ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి కలిసినవాళ్లందరికీ చెప్తున్నాను.

మా బంధువుల్లో సగం మంది ఇటలీ వెళ్లొచ్చారు. చివితా ది బాన్యోరేజో అని కొండ మీద చిన్న ఊరు, ఫోన్ నిండా దాని ఫోటోలే. రెండున్నర వేల ఏళ్ల కింద ఎట్రుస్కన్లు కట్టిన ఊరది. కింద మట్టి కొండ కొద్దికొద్దిగా విరిగిపడుతుంటే, పైన పిడికెడు మంది మిగిలారు. నడక వంతెన మీదుగా వెళ్లాలి, 2013 నుంచి ఊళ్లోకి వెళ్లడానికే టికెట్. రోమ్ దగ్గర చెర్వెతెరీలో అదే ఎట్రుస్కన్లు చచ్చిపోయినవాళ్ల కోసం ఇళ్లలాంటి సమాధులు, వాటి నడుమ వీధులు కట్టారు. 2004 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. గొప్పవే, కాదనను. డబ్బులుంటే నేనూ వెళ్తాను. కానీ దామరవాయి గుట్ట మీద ఆ రాతి వాడల మధ్య నిలబడి ఆలోచిస్తే అర్థమైంది. వాళ్ల దగ్గర ఉన్నదేదీ మన దగ్గర లేకపోలేదు. పైగా వాళ్లకు లేనిది ఒకటి మనకుంది. అక్కడ ఎట్రుస్కన్ల దేవుళ్లకు దీపం పెట్టేవాళ్లు లేరు. ఇక్కడ ఒక గుట్ట మీద వేల ఏళ్ల నాటి ఇళ్లు మౌనంగా ఉంటే, ఇంకో గుట్ట మీద దేవుడు ఇప్పటికీ నూనె రాయించుకుంటున్నాడు, పిల్లల్ని ఇస్తున్నాడు, మనవడికి అమెరికాకు నీళ్లు పంపిస్తున్నాడు. కింద కల్లంలో మిర్చి ఆరుతోంది. ఎవరి కోసమో అద్దాల పెట్టెలో పెట్టిన చరిత్ర కాదిది. పని చేస్తున్న చరిత్ర.

సరే, వెళ్లేదెలా? వరంగల్ నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా జాతీయ రహదారి 163 నేరుగా ఏటూరునాగారం చేరుస్తుంది. బస్సులున్నాయి. అక్కడినుంచి మంగపేట, మల్లూరు. సొంత బండి ఉంటే హాయి. మల్లూరుకు పొద్దున్నే చేరండి. అభిషేకం ఏ రోజు, ఏ వేళ అన్నది బయల్దేరే ముందే కనుక్కోండి, నిజరూపం చూడకుండా వెనక్కి రావద్దు. కొబ్బరికాయలు, పళ్లు సంచీ అడుగున దాచండి. ఖాళీ సీసాలు నేను తీసుకెళ్లిన వాటికి రెట్టింపు పట్టుకెళ్లండి. వైశాఖంలో స్వామి కల్యాణం, ఉత్సవాలు. జనం ఇష్టమైతే అప్పుడు, ప్రశాంతత ఇష్టమైతే మాఘ, ఫాల్గుణాల్లో వెళ్లండి.

దామరవాయికి ఊరివాళ్లనెవరినైనా తోడు తీసుకెళ్లాలి. దారి వాళ్లకే తెలుసు, కథలూ వాళ్లకే తెలుసు. వాళ్ల శ్రమకు నాలుగు రూపాయలు ఇవ్వడం మర్యాద. గుట్ట మీద తాగడానికి నీళ్లు దొరకవు. కప్పు బండల మీదికెక్కి ఫోటోలు దిగొద్దు, రాళ్ల మీద పేర్లు గీకొద్దు. నిధులున్నాయన్న ఆశతో ఇలాంటి సమాధుల్ని తవ్విపోసిన ఊళ్లు తెలంగాణలో తక్కువేం కావు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నడి వానాకాలంలో ఈ దారులు నమ్మొద్దు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలంలోని కొండాయి ఊరు మునిగింది, ప్రాణాలు పోయాయి. వాగులు ఇక్కడ చెప్పి రావు. దసరా దాటాక బయల్దేరితే అడవి పచ్చగా ఉంటుంది, దారీ బాగుంటుంది.

మా ఆడపడుచు ఇప్పుడు మల్లూరు పేరెత్తితే చాలు, "చెప్పిన్నా లేదా?" అంటుంది. చెప్పింది. అందుకే నేనూ మీకు చెప్తున్నాను. మేడారం మొక్కు తీర్చుకున్న రోజో, రామప్ప చూసిన రోజో, ఇంకొక్క పూట మిగుల్చుకోండి. బండిని వెనక్కి తిప్పకుండా మంగపేట వైపు పోనివ్వండి. ఆ గుహలో స్వామి పొట్ట మీద సొట్ట పడటం మీ కళ్లతో మీరు చూసి, అప్పుడు నాకు చెప్పండి, నేను ఎక్కువ చేసి రాశానో తక్కువే రాశానో.